ఇల్లు ఒకటే, వెలలు రెండు

2025 జూన్ నెలాఖరున ఒక ఆదివారం, ముసురు పట్టిన పొద్దున, మా చెల్లెలి మనవడు మోటారుసైకిలు మీద తడిసి ముద్దయి, ఒడిశాలో కోరాపుట్ కొండల మీద నేనుండే లక్ష్మీపూర్ వచ్చాడు. చొక్కా లోపల ప్లాస్టిక్ కవరు, కవర్లో కాగితాలు. తల తుడుచుకోకుండానే వాటిని నా ముందు పెట్టాడు. "తాతయ్యా, నాకు రాని డబ్బు నా జీతంలో కలిపేశారు. దానికి పన్ను కూడా పట్టేశారు. నువ్వు పేబిల్లులు రాసినవాడివి కదా, ఇదేంటో చూడు" అన్నాడు.

చూశాను. ఒకటి ఫారం 16, జీతం మీద పట్టిన పన్నుకి కంపెనీ ఇచ్చే పత్రం. దానికి జత ఫారం 12బీఏ, కంపెనీ ఇచ్చిన సౌకర్యాల విలువల పట్టీ. ఈ రెండో కాగితంలో మొదటి వరుసే ఇల్లు. కంపెనీ ఇచ్చిన క్వార్టరు విలువ 45,000 రూపాయలు, జీతంలోంచి అద్దె కింద కోసింది 6,000, మిగతా 39,000 'పెర్క్విజిట్'. అంటే జీతం కాకపోయినా జీతంలాంటిదని చట్టం లెక్కగట్టిన సౌకర్యం. కుర్రాడి జీతం ఏడాదికి 9 లక్షలు. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక కూడా వాడు 10 శాతం మెట్టు మీదే ఉన్నాడు. సెస్సుతో కలిపి ఆ 39,000 మీద పన్ను 4,056 రూపాయలు.

"ఆ ఇల్లు నాది కాదు. అమ్ముకోలేను, అద్దెకివ్వలేను. ఉద్యోగం మానితే ఖాళీ చేసి పోవాలి. ఆ కొండల మధ్య వేరే ఇల్లు దొరుకుతుందా అంటే అదీ లేదు. మరి నాకు కలిసొచ్చిందేంటి?" అన్నాడు.

వాడి ప్రశ్న అప్పట్నుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. ముప్పై ఆరేళ్లు జీతాల లెక్కలు రాసినవాణ్ణి, ఆ 45,000 ఎలా వచ్చిందో వేళ్ల మీద చెప్పగలను. అది న్యాయమని మాత్రం చెప్పలేకపోయాను.

నేను పుట్టింది ఒనకఢిల్లీలో, మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం కాలనీలో. ఈ నేలకీ మా తెలుగువాళ్లకీ ఉన్న చుట్టరికం పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోనివే. ఆ తర్వాత కూడా మాచ్‌ఖండ్ రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా నడిచింది. 1955లో కరెంటు తీయడం మొదలైంది. మా నాన్నగారు అక్కడ ఫిట్టరు. డుడుమ జలపాతం హోరు వింటూ పెరిగాను. ఆయనకి ఇల్లు ఇచ్చారు, కిరోసిన్ ఇచ్చారు, చలికి రగ్గు ఇచ్చారు. ఇవన్నీ ఎందుకు ఇచ్చారంటే, ఇవ్వకపోతే అక్కడ మనిషి నిలవడు. మలేరియా జ్వరం, అడవి, కొండదారి. విజయనగరం నుంచి వచ్చినవాడు రెండో నెల్లోనే మూట సర్దేసేవాడు. ఇల్లు ఇస్తేనే పెళ్లాం పిల్లల్ని తెచ్చుకుంటాడు. వాళ్లొస్తేనే ఉంటాడు. ఆ ఇల్లు మా నాన్నగారి సంపాదనలో భాగమని ఆయనా అనుకోలేదు, ఇచ్చినవాళ్లూ అనుకోలేదు. రెంచీ ఎలాగో ఇల్లూ అలాగే. పని జరగడానికి కావలసిన సామాను.

1972లో నేనొక కాంట్రాక్టు కంపెనీలో టైంకీపరుగా చేరాను. కోరాపుట్ నుంచి రాయగడకి రైలుదారి వేస్తున్న రోజుల్లో మా కంపెనీ సొరంగాల పని పట్టుకుంటే, ఈ లక్ష్మీపూర్ దగ్గర క్యాంపు పడింది. కొండ చీలుస్తూ, లోయ మీద వంతెన కడుతూ పోయిన దారి అది. ముక్కలు ముక్కలుగా తెరుస్తూ 1990ల చివరికి గానీ పూర్తి కాలేదు. ఇప్పుడు లక్ష్మీపూర్ రోడ్ స్టేషన్‌లో దిగి, ఫోన్లో సొరంగాల ఫొటోలు తీసుకునే పిల్లలకి అందులో ఎన్ని జ్వరాలు, ఎన్ని దెబ్బలు ఉన్నాయో తెలీదు.

మా క్యాంపులో ఇళ్లంటే రేకుల షెడ్లు. ఎండాకాలం పెనం, వానాకాలం డప్పు. అయినా ఇల్లే. నెలకొకసారి రాయగడ నుంచి లారీలో బియ్యం, కందిపప్పు, ఉప్పు వచ్చేవి. మస్టర్ రోల్లో పేరున్న ప్రతివాడికీ కొలిచి ఇచ్చేవాళ్లం. పర్మనెంటా, రోజుకూలీయా అని అడగలేదు. పరజా వాడైనా, కొంధు వాడైనా, పార్వతీపురం మేస్త్రీ అయినా ఒకే తూకం. వారానికోసారి క్లోరోక్విన్ మాత్రలు మింగించేవాళ్లు, మింగాడో లేదో నోరు తెరిపించి మరీ చూసేవాళ్లు. చివరి షెడ్డులో బడి. పలాస నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన పొద్దున తెలుగు, మధ్యాహ్నం ఒడియా చెప్పేవారు. మా పెద్దమ్మాయి అక్షరాలు దిద్దింది అక్కడే.

అదంతా స్వర్గమని నేననను. ముగ్గురు మనుషుల్ని మలేరియా తినేసింది, వాళ్ల ముఖాలు నాకింకా గుర్తే. కానీ ఒక సంగతి స్పష్టంగా ఉండేది: ఇచ్చింది అవసరం కొద్దీ ఇచ్చారు, అందరికీ ఇచ్చారు. ఆ షెడ్డుకి ఎవరూ వెల కట్టలేదు. మా జీతాలు పన్ను దాకా వెళ్లేవీ కావు.

ఆ పని అయిపోయాక ఈ చుట్టుపక్కలే ఒక పెద్ద కంపెనీలో పేబిల్లు గుమాస్తాగా చేరాను, 2008లో రిటైరయ్యాను. కంపెనీ పేరు అక్కర్లేదు, నియమం అందరికీ ఒకటే. పక్కా కాలనీ, ఆసుపత్రి, బడి, క్లబ్బు, బస్సులు. నాకు ఈ పెర్క్విజిట్ అనే మాటతో గట్టిగా పని పడింది అక్కడే.

మాట కొత్తది కాదు. 1922 నాటి పన్ను చట్టంలోనూ ఉంది, 1961 చట్టం 17వ సెక్షన్లో ఇంకా వివరంగా ఉంది. అందులో న్యాయం లేదని నేననడం లేదు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద కంపెనీల ఆఫీసర్లు జీతం తక్కువ చూపించి మిగతాదంతా బంగళాగా, కారుగా, వంటవాడిగా, తోటమాలిగా, క్లబ్బు బిల్లుగా పుచ్చుకునేవారు. వెయ్యి రూపాయల జీతగాడు పన్ను కడుతుంటే, పదివేల భోగం అనుభవించేవాడు తప్పించుకుపోతే ఎలా? భోగానికి వెల కట్టాల్సిందే. ఆ మాట ఆనాడూ అన్నాను, ఈనాడూ అంటాను.

చిక్కంతా ఆ వెల ఎలా కడుతున్నారన్న చోట ఉంది.

2001లో పెర్క్విజిట్ల నియమాన్ని, అదే మూడో నంబరు రూలుని, తిరగరాశారు. ప్రభుత్వోద్యోగి కాని వాడికి కంపెనీ ఇల్లు ఇస్తే, ఆ ఇంటి విలువ అతని జీతంలో ఇంత శాతం అన్నారు. మాలాంటి చిన్న ఊళ్లకి అప్పుడు ఏడున్నర. మధ్యలో మార్పులూ చేర్పులూ అయ్యాక, 2023 సెప్టెంబరు 1 నుంచి 5 శాతం చేశారు. పెద్ద నగరాలకి ఏడున్నర, పది. మా మనవడి 9 లక్షల్లో 5 శాతం 45,000. పాత లెక్కే ఉంటే 67,500 అయ్యేది. తగ్గింది, కాదనను. ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటే మొదటేడు కట్టిన విలువ ధరల సూచీ కంటే ఎక్కువగా పెరగకూడదని కూడా 2023లో ఒక అడ్డుకట్ట వేశారు. మంచి పనే.

కానీ చూడండి. మా మనవడి క్వార్టరు పక్క క్వార్టర్లో ఒక సీనియర్ ఉన్నాడు. ఏడాదికి 15 లక్షల జీతం. రెండూ ఒకే నమూనా ఇళ్లు, రెండింటి మధ్యా ఒకే గోడ, ఆ గోడ రెండువైపులా ఒకేలా చెమ్మ దిగుతుంది. కోసే అద్దె ఒకటే. ఆయన ఇంటి విలువ 75,000, అద్దె పోను 69,000. వీడిది 39,000. గోడకి ఇటు ఒక వెల, అటు ఒక వెల. సంతలో అల్లం అమ్మేవాడు కొనేవాడి జేబు చూసి ధర చెబితే మనం తగువు పడతాం. చట్టం చేస్తే సరేనంటున్నాం. ఇంటికి వెల కట్టాలంటే ఇంటిని చూడాలి గానీ, అందులో పడుకునేవాడి జీతం చూడకూడదు.

ఇంకో సంగతి. మా కాలనీ గేటు దాటి రైలుపట్టాల అవతలికి పోతే రైల్వే క్వార్టర్లు. వాళ్లు ప్రభుత్వోద్యోగులు. వాళ్ల ఇళ్లకి ప్రభుత్వం నిర్ణయించిన లైసెన్సు ఫీజే విలువ. ఆ ఫీజు వాళ్లు జీతంలోంచి కట్టేస్తారు గనక ఆ వరుసలో మిగిలేది సున్నా. పైగా రైలు పాసుకి కూడా పన్ను లేదు. రైల్వే, విమాన సంస్థల ఉద్యోగుల్ని ఆ నియమం నుంచి తప్పించారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వానలో పట్టాలు కాపలా కాసేవాళ్లకి పాసు ఇస్తే తప్పేంటి? నా బాధ వేరు. అదే కొండ, అదే వాన, అదే మలేరియా దోమ. పట్టాలకి ఇటు ఒక లెక్క, అటు ఒక లెక్క. పబ్లిక్ సెక్టారు కంపెనీ అయితే యజమాని ఎవరు? ప్రభుత్వమే. అయినా ఆ ఉద్యోగి ప్రభుత్వోద్యోగి కాడట.

ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006 సెప్టెంబరులో అరుణ్ కుమార్ కేసులో తీర్పు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఉద్యోగి నిజంగా తక్కువ అద్దెకి ఇల్లు పొందాడా, అంటే అతనికి రాయితీ దక్కిందా లేదా అన్నది ముందు తేలాలి; రాయితీ ఉంటేనే శాతం లెక్క వెయ్యాలి అని కోర్టు చెప్పింది. మా ఆఫీసులో లడ్డూలు పంచారు. పేబిల్లు సెక్షనుకి వచ్చి నా చేతిలోనూ ఒకటి పెట్టారు. 'మన క్వార్టరుకి ఈ ఊళ్లో బయట అద్దె ఎంత? అసలు బయట ఇల్లే లేదు. ఇంక రాయితీ ఎక్కడిది?' అని అందరి ధీమా. ఏడాది తిరక్కముందే, 2007 ఫైనాన్స్ చట్టంలో ఆ రాయితీ ఉన్నట్టే భావించాలని రాసేశారు, అదీ వెనకటి తేదీ నుంచి. జీతంలో ఇంత శాతం కంటే అద్దె తక్కువైతే చాలు, అది రాయితీయే. ఆపిన కోతలన్నీ మళ్లీ నేనే, నా చేత్తోనే వేశాను. లడ్డూ ఇచ్చిన చెయ్యే వచ్చి, "ఏమండీ, మీరు కూడానా?" అంది. నేనేం చెప్పను? కోర్టు ఇంటిని చూడమంది. చట్టం మళ్లీ జీతాన్నే చూసింది.

మారుమూల చోట్లకి మినహాయింపు లేదా అని మీరడగొచ్చు. ఉంది. గని, ఆనకట్ట, విద్యుత్ కేంద్రం, ప్రాజెక్టు కట్టే చోటు, ఇలాంటివాటిలో పనిచేసేవాడికి తాత్కాలికపు ఇల్లు ఇస్తే పన్ను లేదు. ఆ ఇల్లు మునిసిపాలిటీకి కనీసం 8 కిలోమీటర్ల దూరంలో ఉండాలి, 800 చదరపు అడుగులు మించకూడదు. 2023లో దాన్ని 1,000 అడుగులు చేశారు. మారుమూల ప్రాంతమైతే ఈ కొలతలు కూడా అక్కర్లేదు. మా రేకుల షెడ్డు లాంటివాటికి ఇది సరిగ్గా సరిపోయే నియమం. మా నాన్నగారి ఒనకఢిల్లీ ఇంటికీ సరిపోయేది. కానీ ఆ జాబితాలో కార్ఖానా లేదు. కొండ మీద ఖనిజం తవ్వేవాడు ఆ జాబితాలో పడతాడు, ఆ ఖనిజాన్ని కొండ కింద ఉడకబెట్టేవాడు పడడు. ఇద్దరి పిల్లలూ ఒకే బస్సెక్కి ఒకే బడికి వెళ్తారు.

ఇవన్నీ ఒక ఎత్తు, కదలని అంకెలు ఇంకో ఎత్తు. 2025లో ఉన్నట్టు ఒక్కొక్కటే చెబుతాను, ఓపిక పట్టండి. పేబిల్లు రాసిన చేతికి ఇవి ముళ్లు.

ఏజెన్సీ, గిరిజన ప్రాంతాల్లో పనిచేసేవాడికి ఇచ్చే అలవెన్సులో పన్ను లేకుండా వదిలేది నెలకి 200 రూపాయలు. రోజుకి ఏడు రూపాయలు కూడా కాదు. నేను రిటైరయ్యేనాటికీ 200, 2025లోనూ 200. ఆ జాబితాలో ఒడిశా ఉంది, బీహార్ ఉంది, మధ్యప్రదేశ్ ఉంది, తమిళనాడు, కర్ణాటక కూడా ఉన్నాయి. ఆంధ్ర లేదు. మా లక్ష్మీపూర్లో పనిచేసే తెలుగువాడికి ఆ 200 వదులుతారు. సరిహద్దు దాటితే పాడేరు, అరకు. ఏజెన్సీ అన్న మాట ఆ విశాఖ కొండలకి పాతదే. అక్కడ పనిచేసేవాడికి ఆ మాట కింద ఆ 200 కూడా లేదు. ఎందుకు లేదో నాకెవరూ చెప్పలేకపోయారు. ఇక కొత్త పన్ను విధానంలో ఉన్నవాడికి ఒడిశాలోనూ అది పోయింది.

పిల్లల చదువు అలవెన్సుకి మినహాయింపు నెలకి 100 రూపాయలుగా ఉండేది, అదీ ఇద్దరు పిల్లలకే. హాస్టలైతే 300. లక్ష్మీపూర్ నుంచి పిల్లని జయపురం హాస్టల్లో పెట్టి 300తో చదివించిన తండ్రిని నాకు చూపించండి, దండం పెడతాను.

పనివేళల్లో కంపెనీ పెట్టే భోజనానికి పూటకి 50 రూపాయల దాకా పన్ను ఉండేది కాదు. 2001లో రాసిన అంకె. ఆనాడు 50 పెడితే మా క్యాంటీన్లో కోడికూరతో తిని పాన్ కూడా వేసుకునేవాళ్లం. ఇవాళ ఇక్కడి బస్టాండు పక్క హోటల్లో ఆ డబ్బుకి చారూ అన్నమే. ఇరవై నాలుగేళ్లలో, 2025 దాకా, బియ్యం ధర పెరిగింది, జీతాలు పెరిగాయి, అంకె పెరగలేదు.

కంపెనీ ఇచ్చే అప్పు సంగతీ అంతే. మా రోజుల్లో దసరాకి పండగ అడ్వాన్సు, ఆడపిల్ల పెళ్లికి వడ్డీ లేని అప్పు ఉండేవి. నేనూ తీసుకున్నాను, నెలనెలా తీర్చాను. తర్వాత అలాంటి అప్పు మొత్తం 20,000 దాటితే, స్టేట్ బ్యాంకు ఏడాది మొదటిరోజున వసూలు చేసే వడ్డీ రేటుతో పోల్చి, తేడా సొమ్ముని జీతంలో కలిపేవాళ్లు. జబ్బుల చికిత్సకైతే కొంత మినహాయింపు ఉంది. బ్యాంకు ఉద్యోగులు ఈ నియమం మీద సుప్రీంకోర్టుకి వెళ్తే, 2024 మే 7న నియమం సరైనదేనని తీర్పు వచ్చింది. కోర్టు మాట శిరోధార్యం. కానీ 2001లో 20,000 అంటే నాలుగు తులాల బంగారం. ఇవాళ పావు తులం కూడా రాదు. ఆడపిల్ల మెళ్లో పుస్తెలకైనా చాలని ఆ సొమ్మునే 2025లోనూ 'చిన్న అప్పు'కి హద్దు అంటే ఒప్పుకోవడం ఎలా?

ఇదే నియమంలో ఆఫీసరు కారుని చూడండి. కంపెనీ కారు, సొంతానికీ ఆఫీసుకీ రెంటికీ వాడుకుంటాడు, పెట్రోలు కంపెనీదే. ఇంజను 1.6 లీటర్లు మించకపోతే 2025లోనూ నెలకి 1,800 రూపాయలు, డ్రైవరు ఉంటే ఇంకో 900. అంతే విలువ. ఆ కారు ఖరీదు పది లక్షలైనా అంతే, ఆయన జీతం అరకోటి అయినా అంతే. కారుకి జీతంలో శాతం లేదు. క్వార్టరుకి ఉంది. కారెక్కేవాడికి స్థిరమైన అంకె, ఇంట్లో తలదాచుకునేవాడికి జీతంతో పాటు ఎదిగే అంకె. ఈ రెండూ ఒకే రూలులో ఎలా ఇమిడాయో నాకు అర్థం కాదు.

2005లో ఇంకో వింత వచ్చింది. ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్ అన్నారు. ఉద్యోగులకి ఉమ్మడిగా పెట్టే ఖర్చుల్లో చట్టం లెక్కగట్టిన వంతు మీద కంపెనీయే 30 శాతం పన్ను కట్టాలి. పండగ వేడుకలు, కానుకలు, టెలిఫోన్లు, అన్నీ ఆ జాబితాలోనే. నాలుగేళ్లు నడిపి 2009లో ఎత్తేశారు. కానీ ఆ నాలుగేళ్లలో మా కాలనీలో ఒకటి పోయింది, తిరిగి రాలేదు. సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ. అంతకుముందు వర్కుషాపు తలుపులు ఆ ఒక్క రోజు బార్లా తెరిచి, ఆడవాళ్లనీ పిల్లల్నీ లోపలికి రానిచ్చేవాళ్లు. నాన్న ఏ మిషను దగ్గర నిలబడతాడో పిల్లలు చూసేవాళ్లు. గేటు బయట చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి కూడా విస్తరి. ఆ పన్ను వచ్చిన ఏడాది పద్దులవాళ్లు కలం పెట్టారు. ఊళ్లవాళ్ల భోజనం ముందు పోయింది, తర్వాతి ఏడు కుటుంబాలది పోయింది, చివరికి చేతికో స్వీటు పొట్లం మిగిలింది. పన్ను ఎత్తేశాక భోజనం మళ్లీ పెడతారేమో అనుకున్నాం. ఒకసారి మిగిలిన ఖర్చుని ఏ కంపెనీ మళ్లీ పెట్టదు.

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, అన్యాయంగా మాట్లాడను. కంపెనీ సొంత ఆసుపత్రిలో చేసే వైద్యానికి పన్ను వెయ్యలేదు. ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ తిప్పే బస్సుకీ వెయ్యలేదు. 2025 ఆగస్టులో ఇంకో మంచి మార్పు వచ్చింది. ఊడ్చే మనిషి, గ్యాసు, నీళ్లు లాంటి కొన్ని సౌకర్యాల మీద పన్ను ఏడాదికి 50,000 దాటిన జీతగాడికి పడేది. 24,000 ఉన్నదాన్ని 2001లో 50,000 చేశారు, ఆపైన కదల్లేదు. నెలకి నాలుగు వేల పైచిలుకు. ఈ రోజుల్లో ఏ పర్మనెంటు ఉద్యోగి దానికి కింద ఉంటాడు? ఆ హద్దుని ఒక్కసారి 4 లక్షలకి పెంచారు. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది. ఇరవై నాలుగేళ్ల అంకె కదిలింది. అది కదిలినప్పుడు 200 ఎందుకు కదల్లేదు? 100 ఎందుకు కదల్లేదు?

ఇంకొక్క మాట, ఈ నేలకి సంబంధించింది. మా లక్ష్మీపూర్ రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందకి వచ్చే గిరిజన ప్రాంతం. ఈశాన్యంలోని నిర్ణీత ప్రాంతాల్లో, లడాఖ్‌లో ఉండే గిరిజనుడికి అక్కడ సంపాదించిన జీతం మీద ఆదాయపు పన్నే లేదు. మంచిదే. మా కొంధు కుర్రాడు, పరజా కుర్రాడు కూడా గిరిజనులే. ఊరి మొత్తానికి మొదటి పర్మనెంటు ఉద్యోగం తెచ్చుకుని, కంపెనీ క్వార్టర్లోకి వస్తాడు. వాడి అమ్మ చోడి అంబలి కుండతో వచ్చి ఆ సిమెంటు నేల మీద కూర్చుంటుంది. ఆ ఇంటికి కూడా 5 శాతం. అక్కడి గిరిజనుడికి ఒక న్యాయం, మా అయిదో షెడ్యూలు గిరిజనుడికి ఒకటి. కంపెనీకి భూమి ఇచ్చినవాడి కొడుక్కి ఆ భూమి మీద కట్టిన ఇల్లు లాభమని లెక్క రాయాలంటే, పేబిల్లు రాసే గుమాస్తా చెయ్యి వణకాలి. నా చెయ్యి వణికింది.

క్వార్టరూ పన్నూ రెండూ లేనివాళ్లు ఇంకా ఎందరో. అదే గేటులోంచి లోపలికి వెళ్లే కాంట్రాక్టు కూలీలు. మా క్యాంపులో మస్టర్ రోల్లో ఉన్న ప్రతివాడికీ బియ్యం కొలిచామన్నాను కదా. ఇప్పుడు వాళ్ల పేరు ఏ ఫారంలోనూ లేదు. వాళ్లు లక్ష్మీపూర్ శివార్లలో గది అద్దెకి తీసుకుని నలుగురైదుగురు సర్దుకుంటారు. ఆ అద్దె వాళ్ల జేబులోదే. ఇచ్చినదానికి వెల కట్టడం నేర్చుకున్నాం, ఇవ్వడం తగ్గించాం. మా మనవడికి ఈ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు.

1961 చట్టం పోయి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుందని అప్పటికే తేలింది. చట్టం కొత్తదైతే రూల్సూ కొత్తగా రాయాలి. అందుకే దసరా వెళ్లిన మర్నాడు మా మనవణ్ణి మళ్లీ పిలిచాను. "ఏదీ, ఆ కంప్యూటర్లో ఢిల్లీకి ఒక ఉత్తరం కొట్టు, నేను చెబుతాను" అన్నాను. ప్రత్యక్ష పన్నుల బోర్డుకి. మొదటిది, ఇంటి విలువ ఇంటిని బట్టి కట్టండి. బయట అద్దె ఇల్లే లేని చోట అసలు కట్టకండి. రెండోది, గని కూలీకి ఇచ్చిన మినహాయింపు ఆ కొండ కింద కార్ఖానా కూలీకీ ఇవ్వండి. మూడోది, ఏజెన్సీ అలవెన్సు 200ని ఈనాటి లెక్కకి తెండి, ఆ జాబితాలో ఆంధ్ర ఏజెన్సీని చేర్చండి. నాలుగోది, ఏ అంకె రాసినా ధరలతో పాటు దానంతటదే కదిలేలా రాయండి. కారుని కూడా ఇంటిలాగే చూడండి అని మావాడు అయిదోది చేర్పించాడు. బాగానే ఉంది, ఉంచమన్నాను.

తెలుగులో చెప్పాను, వాడు ఇంగ్లీషులో కొట్టాడు, కింద నేను ఒడియాలోనూ తెలుగులోనూ సంతకం పెట్టాను. లక్ష్మీపూర్ పోస్టాఫీసులో స్పీడు పోస్టు చేయించాను. వాన లేదు, సంత రోజు. కొత్త అల్లం బస్తాలు లారీలకెక్కుతున్నాయి. రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మావాణ్ణి స్టేషన్ వైపు తీసుకెళ్లాను. పట్టాలకి ఎడమవైపు దిబ్బ మీద మా క్యాంపు షెడ్ల పునాది రాళ్లు ఇంకా నాలుగైదు ఉన్నాయి. మా ఇల్లు ఏదో చూపించాను. వాడు అడుగులతో కొలిచాడు. పన్నెండు అడుగులు ఇటు, పది అడుగులు అటు.

"ఇందులో అయిదుగురు ఉన్నారా తాతయ్యా?" అన్నాడు.

ఆరుగురం, అన్నాను. మా అమ్మ కూడా మాతోనే ఉండేది.